థర్మోకోల్ ఇల్లు వద్దు, వానకు నిలిచే ఇల్లు పిల్లలతో కట్టించండి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

బడుల్లో వైజ్ఞానిక ప్రదర్శనలు జరిగే రోజుల్లో మీ జిల్లా పేజీ నిండా పిల్లలు చేసిన నమూనాల ఫొటోలు వస్తాయి. ఆదర్శ గ్రామం, రైల్వే స్టేషను, ఆనకట్ట, పంచాయతీ ఆఫీసు. వాటిని కత్తిరించి దాచుకునే అలవాటు నాకుంది. ఆ ఫొటోల్లో ఇల్లు కనిపిస్తే అది దాదాపుగా థర్మోకోల్‌దే అయి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. అయినా పుస్తకాల దుకాణంలో అడగ్గానే ఇస్తున్నారు, టీచర్లు తెమ్మంటున్నారు, తల్లిదండ్రులు కొంటున్నారు. ప్రదర్శన ముగిసిన మర్నాడు ఆ ఊళ్లన్నీ బడి ప్రహరీ వెనక కుప్పపడి ఉంటాయి. వాన వస్తే అక్కడి నుంచి మురుగు కాలవలోకి చేరతాయి.

కాలవ సంగతి ఇతరులు కూడా రాస్తారు. నేను రాయదలచుకున్నది ఇంకొకటి. ఇల్లు అంటే ఏమిటో ఆ నమూనా పిల్లవాడికి ఒక్క ముక్క కూడా చెప్పదు. వాన నీరు ఎటు పోతుంది, గోడ దేనిమీద నిలబడింది, చూరు గోడను దాటి ముందుకు ఎందుకు వచ్చింది? గదిలో బల్ల మీద కూర్చునే ఇంటికి ఈ ప్రశ్నలే ఉండవు. ఆరుబయట పెట్టి, ఒక వర్షాకాలం దాటాలి అని షరతు పెట్టి చూడండి. అరచేతి వెడల్పు ఇంటికి కూడా పెద్ద ఇంటికి పడే శ్రమ అంతా పడాల్సి వస్తుంది. బడుల్లో అలాంటి ఇళ్లు కట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను గుంటూరులో తాపీ మేస్త్రిని. మా నాన్నగారు కూడా ఈ పనే చేశారు. మోకాళ్లు పరంజా ఎక్కనివ్వడం లేదు కాబట్టి కొన్నేళ్లుగా చిన్న ఇళ్లు కడుతున్నాను. ఎంత చిన్నవంటే, ఆరడుగుల తలుపు నా చేతిలో 81 మిల్లీమీటర్లు అవుతుంది. అరుగు ఎత్తు 34 మిల్లీమీటర్లు.

ఈ పని నాకు అప్పగించింది కొరిటెపాడు వైపు ఉండే ఒక పెద్దాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇంటి వెనక పెరట్లో, జామచెట్టు చుట్టూ తిరిగి కూరపాదుల పక్కనుంచి వచ్చేలా రైలు దారి వేసుకున్నారు. పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీలో లేమాన్ అనే బొమ్మల సంస్థ 1968లో పెరటి రైళ్లు తెచ్చినప్పుడు ఈ వెడల్పునే వాడింది. వాళ్లు చేసినవి మీటరుగేజి బళ్ల నమూనాలు. వెయ్యి మిల్లీమీటర్లను 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది, అదీ లెక్క. గార్డు గారి మనసులో ఉన్నది మాత్రం మాచర్ల బండి. గుంటూరు నుంచి నల్లపాడు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్ల వెళ్లే దారి బ్రాడ్‌గేజి కాకముందు మీటరుగేజే కదా. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో తిరిగింది ఆ దారిలోనే. కాబట్టి ఆ పట్టాల మీద మాచర్ల బండి కొలత తప్పకుండా నడుస్తుంది.

"బండి ఉంది మేస్త్రీ, దారిలో ఊళ్లు లేవు" అన్నారు నన్ను పిలిపించి.

బండితో పాటు పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ఇళ్లు ఉన్నాయి. నిటారు కప్పు, పొగగొట్టం, అద్దాల కిటికీలు. చలిదేశంలో మంచు జారిపోవడానికి కట్టుకునే ఇళ్లు అవి, ఆ దేశానికి అవి సరైనవే. వాటికి అరుగు లేదు, పంచ లేదు. సత్తెనపల్లి దాటాక కిటికీలోంచి కనిపించే ఇల్లు ఆయనకు కావాలి.

ఆరుబయట చిన్న ఇల్లు నిలుస్తుందా అన్న అనుమానం నాకూ ఉండేది. గార్డు గారు ఇంగ్లండు ఫొటోలు చూపించారు. అక్కడ బోర్టన్-ఆన్-ద-వాటర్ అనే ఊళ్లో, ఆ ఊరినే తొమ్మిదో వంతుకు తగ్గించి కట్టిన నమూనా 1937 నుంచి ఆకాశం కిందే ఉంది. ఊరి ఇళ్లు ఏ రాతివో నమూనా ఇళ్లు కూడా ఆ రాతివే. బేకన్‌స్కాట్ అనే మరో నమూనా ఊరిని 1929లో తెరిచారు, అందులో ఇళ్ల మధ్య చిన్న రైలు కూడా నడుస్తుంది. ఆ దేశంలో చలికాలం పగుల్లోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బి గోడను చీలుస్తుంది. దానికే నిలిచాయంటే పనితనం అర్థమవుతుంది. మనకు ఆ బాధ లేదు. మన శత్రువులు వేరు: రోహిణి కార్తె ఎండ, ఈదురుగాలితో అడ్డంగా కొట్టే వాన, చెదలు, గోడ అడుగు నుంచి పైకి పాకే చవుడు.

ఇక పని సంగతి. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే పిల్లలు నేర్చుకోవలసింది ఇందులోనే ఉంది.

ఇంటిని 22.5 వంతులు తగ్గించవచ్చు, వానచినుకును తగ్గించలేము. పెద్ద చినుకు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ ఇంటి అరుగు మీద అదే కొలతలో ఒక మనిషి కూర్చుని ఉంటే, అతని నెత్తిన పడే చినుకు బత్తాయి కాయంత ఉంటుంది. అలాంటి చినుకులకు తగ్గట్టు కప్పు వేయాలి. ఇంకా ముఖ్యమైనది, నీటికి పట్టుకునే గుణం ఉంది. పెద్ద ఇంట్లో చూరు అడుగున మేము అర అంగుళం గాడి తీస్తాం. అంచు దాటిన నీరు పలక అడుగును పట్టుకుని గోడవైపు రాకుండా ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. ఆ గాడిని కొలత ప్రకారం తగ్గిస్తే అర మిల్లీమీటరు గీత మిగులుతుంది. నీరు ఆ గీతను లెక్కచేయకుండా దాటి గోడ ఎక్కుతుంది. అందువల్ల ఇల్లు ఎంత చిన్నదైనా గాడి మూడు మిల్లీమీటర్లు ఉండాల్సిందే. ఇంటి లోపల తడి కనిపించినప్పుడు చాలామంది కప్పును అనుమానిస్తారు. చూరు అడుగు తడిమి చూడాలి.

పెంకులదీ ఇదే కథ. పెద్ద ఇంట్లో పెంకు మీద పెంకు ఒరిగి ఉంటే చాలు, వాన జారిపోతుంది. 22.5 వంతుల పెంకుల మధ్య సందు వెంట్రుక మందమే ఉంటుంది. అంత సన్నని సందులో నీరు కిందికి పోకపోగా పైకి ఎక్కుతుంది. పిల్లలు భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని చదివేది దీన్నే. సన్నని గాజు గొట్టం బొమ్మ చూసి బట్టీపట్టే బదులు ఒక పెంకుటింటి కప్పు వేయించండి, జన్మలో మరిచిపోరు. చిన్న పెంకుటింట్లో పెంకులు కంటికి కనిపించడానికి మాత్రమే. వాటి కింద అతుకు లేకుండా పోసిన సిమెంటు పలక ఒకటి ఉండాలి, నీటిని ఆపేది అదే.

నాతో పనిచేసే కుర్రవాళ్లకు నేను చెప్పేది ఇదే: కంటికోసం చేసేవన్నీ తగ్గించండి, నీటికోసం చేసేవి తగ్గించకండి.

గోడలు, కప్పు ఫెర్రోసిమెంటుతో పోస్తాను. సన్నని చికెన్ మెష్‌ను, అంటే కోళ్ల గూళ్లకు కట్టే తీగల వలను, ఇంటి ఆకారానికి వంచి దానికి రెండు వైపులా మాలు ఎక్కించడమే. ఇది పాత విద్యే. ఫ్రాన్సులో లాంబో అనే ఆయన 1848లోనే ఇనుప తీగల వల మీద సిమెంటు పూసి పడవ చేశాడు. మాలు అంటే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక వేసి నీళ్లతో కలిపినది. ఇసుకను పిండి జల్లెడలో పట్టాలి. గోడ మందం పది మిల్లీమీటర్లే కాబట్టి కందిగింజంత రాయి దొర్లినా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. నీళ్లు తక్కువ పోయాలి. మాలు జారుగా ఉంటే చేతికి హాయిగా ఉంటుంది కానీ, ఎక్కువైన నీరు ఎండిపోయినచోట కంటికి కనిపించని ఖాళీలు మిగిలి గోడ వాన పీలుస్తుంది. తాపీ పనిలో మేస్త్రికీ ఇంటి యజమానికీ మధ్య వచ్చే తగాదాల్లో సగం ఈ నీళ్ల దగ్గరే.

పోసిన మర్నాటి నుంచి కనీసం వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. పెద్ద స్లాబు మందంలో తడి కొంత దాగి ఉంటుంది కాబట్టి ఒక పూట మరిచినా ఓర్చుకుంటుంది. పది మిల్లీమీటర్ల పలక ఓర్చుకోదు. మే నెలలో అయితే ఒక్క మధ్యాహ్నానికే బీటలు వారుతుంది. అందుకే ఈ పోత పనికి సంక్రాంతి వెళ్లిన తరువాత వచ్చే నెలన్నర మంచి కాలం.

పెంకుల కోసం కుమ్మరి దగ్గరికే వెళ్లాను. పెద్ద గూనపెంకును సారె మీద గొట్టంగా తీసి రెండుగా చీలుస్తారు. అంత చిన్న గొట్టం సారె మీద లేవదు. ఆయన కాసేపు ఆలోచించి, కొసకు సన్నబడే వెదురు పుల్ల మీద మెత్తని మట్టి పొర చుట్టి, కాస్త ఆరాక నిలువునా కోశాడు. కుండలతో పాటు ఆవంలో పెట్టి కాల్చి ఇచ్చాడు. వానకు తడిసినప్పుడు ఆ పెంకుల ఎరుపు ముదురుతుంది, ఎండ రాగానే మళ్లీ లేతబడుతుంది. ఏ రంగు డబ్బాలోనూ ఆ ఎరుపు నాకు దొరకలేదు.

అన్నిటికంటే కష్టమైనదీ నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ మండువా ఇల్లు. ఇంటి నడుమ కప్పు లేకుండా వదిలిన చదరమే మండువా. పాత గుంటూరులో ఒక మండువా లోగిలిని పడగొట్టే పని నాకే వచ్చింది. వారసులు నలుగురు, నాలుగు ఊళ్లలో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. అనుమతి అడిగి, మొదటి పెంకు తీసేముందు ఇల్లంతా టేపుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. పొడవు 36 అడుగులు, వెడల్పు 24, నడుమ మండువా 8 అడుగుల చదరం. స్తంభాల మధ్య దూరం, వాసాల మందం, తూము ఏ మూల నుంచి ఏ వైపుకు పోయింది, అన్నీ రాసుకున్నాను. గార్డు గారి పెరట్లో ఇప్పుడు అది 49 సెంటీమీటర్ల పొడవు, 33 సెంటీమీటర్ల వెడల్పుతో ఉంది.

మండువా ఇంట్లో కప్పు సగం బయటికి వాలితే సగం లోపలికి వాలుతుంది. వానను ఇంటి నడిబొడ్డుకు రానిచ్చి, అక్కడి నుంచి మర్యాదగా బయటికి పంపడం ఆ ఇంటి పద్ధతి. ఎక్కడైనా నాలుగు చుక్కలు ఆగితే ఇల్లంతా చెడుతుంది. రెండు లోవాలులు కలిసే మూలలు నాలుగు ఉంటాయి, రెండు వైపుల నీళ్లూ ఆ మూలలోనే చేరతాయి. పాతవాళ్లు అక్కడ జింకు రేకు పరిచి పెంకులు దానిమీదికి దింపేవాళ్లు. నేను ఆ మూలల్లో పలకలోనే ఆరు మిల్లీమీటర్ల కాలవ పోశాను, పెంకులను కాలవ అంచు దగ్గరే ఆపేశాను. ఇక తూము. ఆ లోగిలిలో నాలుగు అంగుళాల తూము ఉండేది. కొలత ప్రకారం తగ్గిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు, ఒక్క వేపాకు అడ్డుపడితే చాలు మూసుకుపోతుంది. అందుకని ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం పెట్టి, దాని మీద చిల్లులు పొడిచిన నాపరాతి ముక్క మూసి, కనబడకుండా చేశాను.

లెక్క చూడండి. గంటకు ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీద ఎనిమిది లీటర్ల నీళ్లు పడతాయి. అందులో దాదాపు సగం మండువాలోకి వస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లు గంటలో ఆ చిన్న చదరంలోంచి బయటికి పోవాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. వైశాల్యం, ఘనపరిమాణం, నిష్పత్తి అన్నీ ఇందులో వచ్చాయి. జవాబు సరైనదో కాదో పుస్తకం వెనక చూడనక్కర్లేదు, వాన చెబుతుంది.

మొదటి పెద్ద వాన నాడు గార్డు గారు వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నారట. నేను వెళ్లేసరికి తూములోంచి నీళ్లు పట్టాల పక్క కాలవలోకి ధారగా పడుతున్నాయి. "మా అమ్మ ఆ మూల కింద గంగాళం పెట్టేది మేస్త్రీ, పప్పు వాన నీళ్లతో అయితే త్వరగా ఉడుకుతుందని" అన్నారు. మర్నాడు ఇత్తడి రేకు తెచ్చి ఒక గంగాళం చేసి ఆ మూల కింద పెట్టాను.

పల్నాడు వైపు ఇళ్లకు ఇంత తంటా లేదు. అక్కడి నాపరాయి పొరలు పొరలుగా విడిపోతుంది. పాలిష్ చేసే చోట పారేసే ముక్కలు ఏరుకొచ్చి చిన్న సుత్తితో తడితే, పెద్ద గోడలో రాయి ఎలా కనిపిస్తుందో అలాగే చిన్న గోడలోనూ కనిపిస్తుంది. బోర్టన్‌లో వాళ్లు చేసిన పని మనం పిడుగురాళ్ల రాతితో చేయవచ్చు. గోడలకు వెల్ల వేయడానికి సున్నం కూడా పిడుగురాళ్లదే తెస్తాను. సున్నం వేసిన గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ రంగు వేస్తే తడి లోపలే చిక్కి పొర పొరగా లేస్తుంది. ఏటా సంక్రాంతికి ఇంటితో పాటు ఈ చిన్న ఇళ్లకు కూడా వెల్ల వేస్తే సరిపోతుంది.

తీరం వైపు చుట్టిళ్లు కూడా రెండు కట్టాను. నేలకు ఆనేంత కిందికి దిగిన కప్పు, గుండ్రటి గోడ, గాలి పట్టుకోవడానికి మూల లేని ఇల్లు. నిజమైన తాటాకు ఆ కొలతకు కోసి కప్పితే మొదటి వర్షాకాలానికే కుళ్లుతుంది. పచ్చి సిమెంటు మీద కొబ్బరి ఈనెల చీపురుతో పై నుంచి కిందికి గీస్తే గడ్డి కప్పులా వస్తుంది, ఆ గీతల వెంటే నీరు కూడా దిగుతుంది.

తలుపులకు, స్తంభాలకు పాత టేకు. ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే విరిగిన కిటికీ చట్రాలు చాలు. తెల్ల పొణికి కర్రతో కొండపల్లివాళ్లు చేసే ఊరి బొమ్మలకు నేను దండం పెడతాను, కానీ అవి ఇంట్లో కొలువుకు చేసినవి, వానలో పెట్టకూడదు. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. బడుల్లో వాడే తెల్ల జిగురు వానకు మళ్లీ పాలవుతుంది. రెండు గొట్టాల్లో వచ్చి కలిపి రాసే ఎపాక్సీ ఒక్కటే నమ్మదగ్గది. ఇనుప మేకు ఏడాదికే తుప్పుపట్టి గోడ మీద ఎర్ర చార దింపుతుంది, ఇత్తడి మేకులు వాడాలి. మన ఇళ్ల కిటికీలకు చువ్వలు, చెక్క రెక్కలు ఉంటే చాలు కాబట్టి ఎండకు పసుపెక్కే ప్లాస్టిక్ అద్దాల గొడవే లేదు.

ఇంటిని మట్టి మీద పెట్టకూడదు. ముందు కంకర పరిచి, దాని మీద చుట్టూ గట్టు ఉన్న అరుగు పోసి, ఇంటిని మూతలా ఆ గట్టు మీదికి దించాలి. గోడ అంచు గట్టుకు బయటివైపు వస్తుంది కాబట్టి నీరు లోపలికి పాకదు. కంకర వల్ల చినుకు పడ్డప్పుడు బురద గోడ మీదికి చిమ్మదు, చెదలు కూడా అంత తేలిగ్గా ఎక్కవు. వెనకవైపు చూరు కింద వేడిగాలి పోయే చిల్లులు పెట్టి, చీమలూ తొండలూ చొరబడకుండా ఇత్తడి జాలి బిగించాలి. థర్మోకోల్‌తో చేసిన ఇల్లు కిలో కూడా తూగదు, ఈ ఇల్లు పది కిలోల వరకు ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఆ పెరట్లో జామకొమ్మ ఒకటి విరిగి సరిగ్గా చుట్టింటి మీద పడింది. ఇంటికి ఏమీ కాలేదు. తుపాను వెళ్లాక మండువా తూములోంచి గుప్పెడు ఆకులు తీశాం, అంతే.

ఇప్పుడు నా కోరిక రాస్తాను.

ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు మా పనిలోకి వస్తున్నారు. చురుకైనవాళ్లు, మట్టం చూడటం రెండు రోజుల్లో నేర్చుకుంటారు. కానీ వాళ్లు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూసినవి స్లాబులే. రెండు వాలులు లోమూలలో ఎలా కలుస్తాయని అడిగితే చెప్పలేరు. అది వాళ్ల తప్పు కాదు, అలాంటి కప్పు కట్టే అవకాశమే వాళ్లకు రాలేదు. పెద్ద మండువా లోగిలి కట్టించేవాళ్లు ఇప్పుడు అరుదు. చిన్నది కట్టించడానికి మాత్రం ఏ బడికీ స్థలం కొరత ఉండదు. 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కటి ఉంటే ఇరవై ఇళ్లకు దగ్గరగా వస్తాయి. థర్మోకోల్ షీట్లకూ చమ్కీలకూ పెట్టే డబ్బు అంతకంటే తక్కువేమీ కాదు.

ఒక ఉపాధ్యాయుడు గారితో ఈ మాట అంటే, "పిల్లల చేత సిమెంటు పట్టిస్తే ఊరుకుంటారా మేస్త్రి గారూ" అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కాబట్టి మాలు కలపడం, సున్నం చల్లార్చడం పెద్దవాళ్లు చేయాలి. పదో తరగతి పిల్లలకు రబ్బరు చేతితొడుగులు ఇచ్చి మెష్ మీద ఎక్కించే పని ఇవ్వవచ్చు. చిన్న తరగతులవాళ్లకు మట్టి పెంకులు చుట్టడం, కొలతలు భాగించడం, వాన పడ్డప్పుడు నీరు ఎక్కడ ఆగిందో చూసి రాయడం. నా ఉద్దేశంలో ఆ చివరి పనే అన్నిటికంటే విలువైనది. వాన వస్తే సెలవు ఇవ్వాలా అని చూసే బడిలో, వాన వస్తే పరుగెత్తుకుంటూ వెళ్లి ఇల్లు చూసుకునే పిల్లలు ఉంటారు.

గుంటూరు, విజయవాడ నగరపాలక సంస్థలకు కూడా ఒక మనవి. రెండు నగరాల పార్కుల్లో సిమెంటు జిరాఫీలు, పుట్టగొడుగు గొడుగులు ఉన్నాయి. ఒక్కొక్క పార్కులో ఒక మూల, రెండు సెంట్ల చోటు ఇస్తే చాలు. మాచర్ల దారిలోని ఊరు ఒకటి, కృష్ణ ఒడ్డు ఊరు ఒకటి మన కొలతలతో, మన రాయితో, మన పెంకుతో కట్టవచ్చు. మధ్యలో 45 మిల్లీమీటర్ల పట్టాలు వేయవచ్చు. రెండూ రైల్వే డివిజన్ కేంద్రాలు, రిటైరైన డ్రైవర్లు, గార్డులు, గ్యాంగ్‌మెన్లు ఏ వీధిలో చూసినా ఉంటారు. రైలు సంగతి వాళ్లు చూసుకుంటారు. ఇళ్ల సంగతి నాలాంటి ముసలి మేస్త్రీలు చూసుకుంటారు. కాంట్రాక్టుకు ఇచ్చి ఫైబరు బొమ్మలు తెప్పిస్తే మాత్రం ఈ పనికి అర్థం లేదు.

పాత ఇళ్లు పడగొట్టే యజమానులకు, ఆ పని ఒప్పుకునే మేస్త్రీలకు ఇంకొక మాట. ఇల్లు మీది, పడగొట్టే హక్కూ మీదే. ఒక్క పూట ఆగి కొలతలు తీసుకోనివ్వండి. పొడవు వెడల్పులు, చూరు ఎత్తు, కప్పు వాలు, తూము దారి, స్తంభాల మధ్య దూరం. ఇద్దరు పిల్లలు, ఒక టేపు, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోయే పని. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వారానికి ఒక పాత ఇంటి కొలతల చిత్రం వేస్తే, బడులు దాన్ని చూసి చిన్న ఇల్లు కట్టుకోగలవు. ఈ సంగతి మీరు ఆలోచించాలని ప్రత్యేకంగా కోరుతున్నాను.

పోత పని సంక్రాంతి తరువాతే బాగుంటుందని పైన రాశాను. పెంకులు చేసి కాల్చుకోవడానికి, కొలతలు గీసుకోవడానికి అంతకుముందు రెండు నెలలు పడుతుంది. కాబట్టి ప్రధానోపాధ్యాయులు దసరా సెలవుల్లోగా నిర్ణయం తీసుకుంటే వచ్చే తొలకరికి ఇళ్లు బడి ఆవరణలో ఉంటాయి. నా నోటుపుస్తకంలో ఉన్న లోగిళ్ల కొలతలు ఏ బడి అడిగినా ఇస్తాను. గుంటూరు చుట్టుపక్కల అయితే నేనే తాపీ పట్టుకుని వస్తాను, కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి,
పాత గుంటూరు.